ఏరా అనడం మానేసినవాడు

మొన్న పొద్దున నా సెల్‌కి ఫోన్ వచ్చింది. "మా అన్న పోయాడండి. మధ్యాహ్నం తీసుకెళ్తున్నాం," అన్నాడు నా చిన్ననాటి స్నేహితుడి తమ్ముడు. పచ్చకామెర్లు ముదిరి నెల రోజులుగా మంచంలోనే ఉన్నాడట. మా వీధికీ, చర్చి పక్కనున్న వాళ్ల పల్లెకీ మధ్య ఒక్క పత్తిచేనే అడ్డం. అయినా నాకు తెలియలేదు. తెలుసుకోలేదు అనడమే నిజం.

ఒకటో తరగతి నుంచి ఏడు దాకా మాది ఒకే బల్ల. మిరప చేలు మా నాన్నవి, వాటిలో కూలి వాళ్ల నాన్నది. ఆ తేడా పెద్దవాళ్లకే. మా ఇద్దరికీ ఒరేయ్ అంటే ఒరేయ్. నాన్న సైకిలు డైనమో నేను విరగ్గొడితే, వాడు తనే చేశానని ఒప్పుకుని పలుపుతాడు దెబ్బలు తిన్నాడు. నేను తలుపు చాటున నిలబడి చూశాను. సాయంత్రం వీపు తడుముకుంటూ, "మీ నాన్నకి కొట్టడం పెద్దగా చేతకాదురా," అని నవ్వాడు.

మిరపకాయ ఎండిందో లేదో చెప్పడంలో వాడిని మించినవాడు లేడు. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవాడు. నేను పక్కన వాగుతుంటే, "గలగలమనాల్సింది కాయరా, నువ్వు కాదు," అని కసిరేవాడు.

తొంభైల చివర్లో గుంటూరు నుంచి ఆడపిల్లవాళ్లు మా ఇల్లు చూడటానికి వచ్చారు. ఆ ఏడు మాకు కూలీలు దొరక్క, వాడు తన పని మానుకుని మా కళ్లంలో సాయం చేస్తున్నాడు. సంగతి తెలిసి ఎర్రబడ్డ చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏరా పెళ్లికొడకా! నాకో మాట చెప్పవేంట్రా?" అని గేటు దగ్గర్నుంచే కేకేశాడు. వరండాలో అందరూ తలలు తిప్పారు. పిల్ల అన్నగారు "ఎవరండీ?" అని అడిగాడు.

"మా పాలేరండి. చనువిస్తే నెత్తికెక్కాడు," అన్నాను. అంతటితో ఊరుకున్నానా? వాడి వైపు తిరిగి, "ఏంట్రా ఆ పిలుపు? అండి అనడం రాదా?" అని గద్దించాను.

వాడు మా పాలేరు కాదు. ఏనాడూ కాదు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "తప్పయిందండి," అన్నాడు. సంబంధం ఖాయమైంది.

తర్వాత కూడా వాడు మా కళ్లానికి రావడం మానలేదు. మానింది ఆ పిలుపొక్కటే. కాయ చెవి దగ్గర ఆడించి, "ఎండాయండి, ఎత్తించండి," అనేవాడు. ఒకసారి గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు ఉండబట్టలేక, "నన్నోసారి ఏరా అనరా," అని బతిమాలాను. కోపమేమీ లేకుండా, "అలవాటు తప్పిందండి," అన్నాడు. అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. లారీ ఇంకా రాలేదేమని విసుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

సమాధుల దొడ్డికి నేను వెళ్లేసరికి ప్రార్థన ముగుస్తోంది. ముందురోజు వానకి నల్లరేగడి మెత్తగా ఉంది. వాడి తమ్ముడు నా కోసం ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. "కూర్చోండి బాబూ, బురదలో మీకెందుకు?" అన్నాడు. అంతమందిలో కుర్చీ నాకొక్కడికే. కూర్చున్నాను. ఒక్కొక్కరే వెళ్లి గుప్పెడు మట్టి వేస్తున్నారు. లేవాలి, లేవాలి అనుకుంటూనే ఉన్నాను. బాబుగారు బురదలో ఎందుకు దిగుతారనుకున్నారేమో, నన్నెవరూ రమ్మనలేదు. గుంట పూడ్చి, పారలు కడుక్కుంటుంటే లేచాను. కుర్చీ కాళ్లు నాలుగూ బెత్తెడు లోతున దిగబడిపోయి ఉన్నాయి.