అయస్కాంతం ముట్టని రజను

బీరంగూడలో కూరగాయలకు వెళ్లే దారిలో ఒక లేతు మిషను షెడ్డు ఉంది. మాడిన నూనె, వేడి ఇనుము కలిసిన వాసన రోడ్డు మీదికి కొడుతుంది. అరవై దాటినా, ఆ వాసనంటే ఇప్పటికీ నాకు భయం; కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతాను.

అది మా నాయిన చొక్కా వాసన. డెబ్బైల మొదట్లో, పటాన్‌చెరు చుట్టూ జొన్న చేల మధ్య ఒక్కొక్క రేకుల షెడ్డే లేస్తున్న కాలంలో, కొండాపూర్ దగ్గరి మా ఊరు విడిచి వచ్చి ఆయన ఒక ఫ్యాక్టరీలో లేతు పనికి కుదిరాడు. సాయంత్రం విప్పిన ఖాకీ చొక్కా మడతల్లో ఇనుప రజను మిలమిలలాడేది. ఉతికేటప్పుడు గుచ్చుకోకుండా అమ్మ చొక్కాను చాప మీద పరిచి, అరచేతిలో పట్టే అయస్కాంతాన్ని ఇస్త్రీ చేసినట్టు తిప్పేది. రజనంతా మీసాల్లా లేచి దానికి అంటుకునేది. ఆ తర్వాత అయస్కాంతం నా సొంతం. వాన వెలిసిన వీధిలో ఇసుక మీద దొర్లించి నల్లపొడి ఏరుకోవడం, దాన్ని కాగితం మీద ఆడించడం నా ఆట.

ఆ అయస్కాంతం ఇచ్చింది మా పెద్దనాయిన, నాయినకు స్వయానా అన్న, హైదరాబాదులో భౌతికశాస్త్రం ప్రొఫెసరు. అణువుల్లో దాగిన అయస్కాంత గుణాన్ని కొలవడమే ఆయన పరిశోధన. ఆదివారం వచ్చి కాల్చిన మక్క కంకి తింటూ, "ఉప్పు, చక్కెర, ఆఖరికి నీ నెత్తురు... అన్నిట్ల ఉంటది బిడ్డా. అయస్కాంతం కొన్నిటిని జెర గుంజుతది, కొన్నిటిని జెర నూకుతది" అనేవాడు. నెత్తురు మాట విన్నప్పటి నుంచి, నా నెత్తురూ గుంజుతుందేమోనని, అయస్కాంతాన్ని గుడ్డతో తప్ప పట్టుకోలేదు నేను.

అమ్మ ఆయనతో మాట్లాడేది కాదు. బావ ముందు తమ్ముడి భార్య నోరు విప్పకూడదు మా ఇళ్లల్లో. కొంగు నెత్తిన కప్పుకుని, తలుపు చాటు నుంచి నాతో, "పెద్దనాయిన చాయ్ తాగుతడేమో అడుగు" అనేది. అంతా వింటూ ఎదురుగానే కూర్చున్న ఆయన "తాగుతనని చెప్పు" అనేవాడు. మధ్యలో నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

బతుకమ్మ పండుగ దగ్గరపడి, ఇంట్లో తంగేడు పూలు, వేయించిన నువ్వుల వాసన కలగలిసిన రోజుల్లో, ఒక సాయంత్రం అయస్కాంతానికి ఏమీ అంటలేదు. చొక్కా మాత్రం గుచ్చుతూనే ఉంది.

"ఇది సచ్చిందా ఏంది?" అని అమ్మ దాన్ని కత్తిపీటకు ఆనిస్తే టక్కున పట్టుకుంది.

"కొత్త రకం స్టీలు వచ్చింది, తుప్పు పట్టదంట" అన్నాడు నాయిన. ఆ వారమంతా అమ్మ రజను చేత్తోనే ఏరింది.

ఆ వారం చివర నాయినను ఇద్దరు పట్టుకుని ఇంటికి తెచ్చారు. కుడి కంటి మీద రుమాలు, చెంప మీద నెత్తురు. రజను ముక్క కంట్లో దిగింది. కబురందిన పెద్దనాయిన వచ్చి, మమ్మల్ని వెంటబెట్టుకుని, నాయినను హైదరాబాదులో ఆసుపత్రికి చేర్చాడు.

నా భయమంతా ఆ ఆసుపత్రి వరండాలోనే ఉంది: ఫినాయిలు వాసన, లోపల నాయిన మూలుగు. డాక్టరు పెద్దనాయినతో, "రేపు పొద్దున పెద్ద అయస్కాంతం పెట్టి లాగుదాం. ఒకసారికి రాకపోతే మళ్లీ మళ్లీ లాగుదాం" అంటున్నాడు. నాయిన నెత్తురంతా ఆ కంట్లోంచి మీసాల్లా లేచి వస్తున్నట్టు నాకు కనిపించింది.

అమ్మ నా భుజం గిచ్చింది. "పెద్దనాయినకు చెప్పు, దాన్ని అయస్కాంతం పట్టదని."

నా నోరు పెగల్లేదు. మళ్లీ గిచ్చింది. పెద్దనాయిన డాక్టరు వెంట కదిలాడు.

అప్పుడు అమ్మ, కొంగు జారినా చూసుకోకుండా, ఆయనకు అడ్డం వెళ్లి నిలబడింది. "బావా, అది అయస్కాంతానికి రాదు. వారం సంది సూస్తున్న, ఒక్క పొడి అంటలే. ఊకె గుంజితే కన్ను పోతది. ఇగో, చొక్కా తెచ్చిన."

ఆయన ఆ చొక్కాను రెండు చేతులా అందుకుని తన ప్రయోగశాలకు వెళ్లాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. చొక్కాలోంచి తీసిన రజను ముక్కను సన్నని దారానికి కట్టి తన పెద్ద అయస్కాంతం పక్కన వేలాడదీసినా అది కదిలీ కదలనట్టు ఊరుకుందట. డాక్టరు తన పద్ధతి మార్చుకుని, కోసి, ముక్కను పట్టకారుతో తీశాడు. కొన్నాళ్లకు కట్టు విప్పారు. తెల్లమచ్చ ఒకటి పడింది కానీ చూపు మిగిలింది.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ మళ్లీ కొంగు కప్పుకుని తలుపు చాటుకు వెళ్లింది. "చాయ్ తాగుతడేమో అడుగు." పెద్దనాయిన "తాగుతనని చెప్పు" అన్నాడు. కాకపోతే లేచి నిలబడి అన్నాడు.

మొన్న ఆయన సంస్మరణ సభ జరిగింది. శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు వచ్చారు. ఆయన కొలిచిన పద్ధతిలోనే ఎక్కడెక్కడో ఇప్పటికీ కొలుస్తున్నారట. అందరి నోటా ఒకటే మాట: "అయస్కాంతానికి రానిదాన్ని ముందు చూడండి అనేవారు సారు." అది ఎవరు నేర్పిన చూపో వాళ్లకు తెలియదు. జొన్న చేలు లేవు, ఆ ఫ్యాక్టరీ లేదు, ఆ ముగ్గురూ లేరు. చివరి వరుసలో కూర్చున్న నేను లేచి చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. భుజం గిచ్చడానికి అమ్మ లేదు.