కళ్లంలో నేర్చిన గోల్ఫు

ఆ రోజుల్లో మా తిరుపతిలో మంచి కాలేజీలో సీటు దొరకడం కష్టం గానీ, ఏదో ఒక కాలేజీ దొరకడం మాత్రం మహా తేలిక. ఏ వీధి మలుపు తిరిగినా ఒక బోర్డు, బోర్డు మీద కోటు తొడుక్కున్న కుర్రాడి బొమ్మ, కింద మన వంశంలో ఎవరూ వినని కోర్సుల పేర్లు. అలాంటి ఒక బోర్డు కింద నిలబడి, బి.కాం. చదవమన్న మా నాయనతో నడిరోడ్డు మీద వాదించి, 'గోల్ఫు మేనేజిమెంటు' అనే చదువులో చేరిన ఘనత నాది. గోల్ఫంటే ఏమిటో నాకు తెలియదు. మా నాయనకు అసలే తెలియదు. తెలియని విషయం మీద ఇద్దరు వాదించుకుంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళదే గెలుపు కాబట్టి నేను గెలిచాను. (అలిపిరి దగ్గర తప్పిపోయినవాళ్ళ పేర్లు చదివే మైకుతో మా అమ్మ నా గొంతును పోలుస్తుండేది, మెచ్చుకోలుగా మాత్రం కాదు.) "సరే, చేరు. మధ్యలో అది కాస్తా మూతబడిందో, నోరెత్తకుండా బి.కాం.లో కూర్చోవాల" అన్నాడు నాయన. నోరెత్తకుండా అనే మాట నన్ను బి.కాం. కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆ కోర్సు పుట్టుక మా కరస్పాండెంటుగారి బుర్రలో జరిగింది. మొదటిరోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఆయన చెప్పిన లెక్క ఇది: "శ్రీ సిటీ కాడ ఫ్యాక్టరీలు లేస్తా ఉండాయి. జపానోళ్ళు, కొరియావోళ్ళు దిగతారు. ఆదివారమొస్తే గోల్ఫు ఆడకుంటే వాళ్ళకి పొద్దుపోదు. అందుకని మైదానాలు రావాల. మైదానాలొస్తే నడిపేదానికి మేనేజర్లు యాడుండారు? మన కాడుండారు!" అని మా వైపు చెయ్యి చూపించాడు. మేం వెనక్కి తిరిగి చూశాం, ఇంకెవరైనా ఉన్నారేమోనని. చదువు చెప్పడానికి ఒక సారు కూడా ఉన్నాడు. అసలు ఆయన మా కాలేజీ డ్రిల్లు మాస్టరు. మిలిటరీలో ఉన్నప్పుడు ఆఫీసర్లు ఆడే గోల్ఫు మైదానంలో పనిచేశాడు కాబట్టి, ఒక వేసవి సెలవుల్లోనే గోల్ఫు సారు అయిపోయాడు. ఆట ఆయనకు నిజంగానే వచ్చు. లేనిదల్లా మైదానమే.

మైదానం కొరత తీర్చింది మా క్లాసులో మేమంతా రైతు అని పిలుచుకునే కుర్రాడు. చంద్రగిరి అవతల వాళ్ళకు చేను ఉంది. చెనక్కాయలు పీకేసిన చేనులో దూరపు దెబ్బలు కొట్టేవాళ్ళం. ఎండిపోయిన స్వర్ణముఖిలో దిగి ఇసుకలోంచి బంతిని ఎగరగొట్టడం నేర్చుకున్నాం. చివరి విద్య, అంటే బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేయడం, దానికి నున్నటి నేల కావాలి. ఆ చుట్టుపక్కల నున్నటి నేల ఒక్కటే ఉంది: రైతు వాళ్ళ అవ్వ పేడతో అలికి అద్దంలా ఉంచుకునే కళ్లం. వడ్లూ రాగులూ నూర్చి కుప్ప పోసే చోటు. సారు వెళ్ళి అవ్వను బతిమాలాడు. అవ్వ మమ్మల్నీ, మా కర్రల్నీ ఎగాదిగా చూసి, "ఆడుకోండప్పా, నాకేం! చెప్పులేసుకోని ఎవురన్నా కళ్లంలో కాలు పెట్టినారంటే మాత్రం ఆ కర్రతోనే కాళ్ళిరగ్గొడతా. ధాన్యం పోసే తావిది" అంది. అందరికన్నా ముందు బూట్ల తాళ్ళు విప్పుకున్నవాడు మా సారు. ఆ రోజు మొదలు మాకది అలవాటైపోయింది. నున్నటి నేల కనిపించిందంటే కాళ్ళు వాటంతటవే ఆగిపోయి చెప్పులు వదిలేసేవి.

రెండో ఏడాది నడుస్తుండగా కరస్పాండెంటుగారికి అనుమానం పట్టుకుంది. జపానువాళ్ళు ఇంకా దిగలేదు, కోర్సులో కొత్తగా చేరేవాళ్ళూ లేరు. ఇలాంటి కోర్సులున్న కాలేజీలన్నిటికీ కలిపి బెంగుళూరు శివార్లలో ఒక క్లబ్బులో జట్ల పోటీ పెట్టారని తెలిసి, మా నలుగురిని పిలిచి ఖాయంగా చెప్పేశాడు: "గెలవమని నేను అడగడంలే. ఆఖరున మాత్రం రావద్దు. ఆఖరున వచ్చినారంటే కోర్సు మూసేస్తా, అందరూ బి.కాం.లో చేరిపోండి." నలుగురమంటే రైతు, నగరి నుంచి వచ్చిన ఒక పిల్ల, మేం స్వామి అనే కుర్రాడు, నేను. స్వామి వాళ్ళది తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు. నుదుటిన నామం లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. నా పేరు లాయరమ్మ అని వేరే చెప్పాలా?

ఆ క్లబ్బులో అడుగుపెట్టాం. కనుచూపు మేరా పచ్చదనం, మధ్యలో నిండు చెరువు, గడ్డి మీద గొడుగుల్లా విచ్చుకుని తిరుగుతున్న నీళ్ళు. రైతు అక్కడే నిలబడిపోయాడు. "ఇన్ని నీళ్ళు గడ్డికా లాయరమ్మా? గొడ్లు కూడా మెయ్యని గడ్డికా?" అన్నాడు. వాళ్ళ బోరు ఆ వేసవిలోనే ఎండింది. నేను ఏదో హాస్యమాడబోయి అతని మొహం చూసి మానుకున్నాను. ఆ రోజు చెరువు దాటించాల్సిన చోటల్లా రైతు బంతి నీళ్ళలోనే పడింది. చేనులోనూ ఏటి ఇసుకలోనూ అంత బాగా కొట్టేవాడికి నీళ్ళ మీదుగా కొట్టడం ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి మా దగ్గర నీళ్ళేవీ?

మొదటి గుంత చేరుకున్నాం. గుంత చుట్టూ వెల్వెట్టు పరిచినట్టు కత్తిరించిన గడ్డి, దాన్ని గ్రీన్ అంటారు. మేం నలుగురం దాని అంచున ఆగి, ఒకరికొకరం చెప్పుకోకుండానే బూట్లు విప్పి, జతలు జతలుగా వరసలో పెట్టి లోపలికి నడిచాం. వెనక నుంచి నవ్వులు లేచాయి. బెంగుళూరు జట్టు అమ్మాయి ఒకతె "ఇదేమైనా గుడా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. "గుడి కాదక్కా, కళ్లం" అంది మా నగరి పిల్ల, అంతా తేలిపోయినట్టు. ఆ అమ్మాయికి ఏం తేలిందో దేవుడికెరుక. ఈలోగా తెల్లమీసాల రెఫరీ ఒకాయన గబగబా వచ్చి బూట్లు తొడుక్కోమన్నాడు. నేను ముందుకొచ్చాను. ఏ రూల్లో ఉందో చూపించమని ఇంగ్లీషులో నిలదీశాను. నా ఇంగ్లీషు విని ఆయన జాలిపడి తెలుగులోకి దిగాడు. తెలుగాయనే!

"ఆట రూలు కాదమ్మాయ్, క్లబ్బు మర్యాద" అన్నాడు.

"మీ మర్యాద బోర్డు నేను చదివినా సార్. గేటు కాడుండాది. 'గడ్డికి హాని చేయరాదు' అని రాసినారు. మేకుల బూట్లతో తొక్కేది హానా, వట్టి కాళ్ళతో నడిచేది హానా? మీరే చెప్పండి."

ఆయన నా కాళ్ళ వైపు, తన బూట్ల వైపు, పాపం ఆ గడ్డి వైపు చూశాడు. "ఇన్నేళ్ళలో గడ్డి తరఫున వకాల్తా పుచ్చుకున్న మనిషిని నిన్నే చూస్తున్నా. ఆడుకోండి" అని వెళ్ళిపోయాడు. నేను మా జట్టు వైపు తిరిగిన తీరు చూస్తే కప్పు అప్పుడే చేతికిచ్చారనుకోవాలి. సారు మాత్రం అంచున నిలబడి, "నోటితో ఆడే పోటీ పెట్టుంటే బాగుండు గదమ్మా" అన్నాడు.

ఒక మాట ఒప్పుకోవాలి, గ్రీన్ మీద మేం ఎవరికీ తీసిపోలేదు. నేల ఎటు వాలిందో అరికాలికి తెలిసిపోయేది. ఇసుక గుంటల్లోనూ ఫరవాలేదు. మిగతా చోట్ల మాత్రం, పొడుగు గడ్డిలో బంతులు వెతుక్కోవడంతోనే సగం పొద్దు గడిచింది. సాయంత్రమయ్యేసరికి అందరి ఆటా అయిపోయింది, మా స్వామిది తప్ప. అతనికి చివరి గుంత మిగిలింది. బంతి గ్రీన్ మీదకు చేరింది. సారు బోర్డు దగ్గర నుంచి రొప్పుతూ వచ్చాడు. "మనం, ఇంకో జట్టు అట్టడుగున ఉండాం. ఈ గుంత రెండు దెబ్బల్లో వేసినాడంటే వాళ్ళతో సమానం. ఇంకొక్క దెబ్బ పడిందంటే ఆఖరు మనమే" అన్నాడు. (సమానమైతే ఇద్దరిలో ఎవరూ ఆఖరు కాదని కరస్పాండెంటు ముందు వాదించాల్సిన వాక్యాలు నేనప్పుడే మనసులో అల్లేసుకున్నాను.)

స్వామి మొదటి దెబ్బ కొట్టాడు. బంతి మిట్ట ఎక్కి, కొసన కాసేపు ఆలోచించుకుని, మనసు మార్చుకుని వెనక్కి దొర్లింది. స్వామి పక్కకు తప్పుకున్నాడు. బంతి అతని వెనగ్గా వచ్చి ఆగింది. రెండో దెబ్బకు, అంత దూరం నుంచి, వంకర తిరుగుతూ పోయి గుంతలో పడింది. కళ్లంలో కూడా అంత బాగా ఎన్నడూ కొట్టలేదతను. నగరి పిల్ల ఎగిరి గంతేసింది. రైతు పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వాడు. నేను కేక పెట్టబోతూ చూద్దును కదా, స్వామి ఎడమ కాలి వేళ్ళ వైపు చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"తగిలింది" అన్నాడు.

"ఏంది తగిలింది?"

"వెనక్కి దొర్లేటప్పుడు బంతి. చిటికెన వేలికి."

తన బంతి తన ఒంటికి తగిలితే ఒక దెబ్బ అదనం. అప్పట్లో రూలు అది. రూళ్ళన్నీ కంఠతా పట్టిన నాకు మించి ఎవరికి తెలుసు? నేను అతని దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాను. "ఎవురూ చూడలేదు స్వామీ."

"చూడలేదు."

"నువ్వు చూసినావా?"

"లేదు. తగిలింది."

"చీమేమో. గడ్డిపోచేమో. చెమట కారిందేమో. నీ చిటికెన వేలు చెప్పిన సాక్ష్యానికి మా అందరి చదువూ పోవాల్నా?"

"మా నాయన అడుగుతాడు లాయరమ్మా, ఆట ఎట్ల జరిగిందని."

"సమానంగా వచ్చినామని చెప్పు!"

"అది సగమే గదా చెప్పినట్టు" అన్నాడు. కోపంగా కాదు, గొప్పగానూ కాదు. బస్సు ఎన్ని గంటలకని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

నేను వదల్లేదు. రెఫరీ దగ్గరికి పరిగెత్తి, ఇతనికి పొద్దుట్నుంచి తిండి లేదని, కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయని, తిమ్మిరెక్కిన వేలి మాట చెల్లదని నిలబడిన చోట నిలబడకుండా వాదించాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. తర్వాత నా భుజం మీదుగా చూసి స్వామిని ఒకే ఒక్క మాట అడిగాడు, "తగిలిందా బాబూ?" అని. "తగిలింది సార్." అంతే, అయిపోయింది. ఆ ఆటలో తప్పు పట్టుకోవడానికి ఎవరూ ఉండరనీ, ఆడేవాడే చెప్పుకోవాలనీ సారు మాకు మొదటి పాఠంలోనే చెప్పాడు. నాకది ఆటలోని లోపంలా అనిపించింది అప్పుడు. ఎదుటివాడే లేకపోతే ఎవరితో వాదించేది?

బస్సెక్కాక వెలిగింది నాకు. కాలికి బూటు ఉండి ఉంటే, బంతి దాన్ని రాసుకుపోయినా స్వామికి తెలిసేదే కాదు. అతను అబద్ధమాడాల్సిన పనీ ఉండేది కాదు, మేం ఆఖరునా వచ్చేవాళ్ళం కాదు. ఆ బూట్లు విప్పి ఆడే హక్కును పొద్దున పోట్లాడి సంపాదించింది ఎవరు? నేను పలమనేరు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. "ఒళ్ళు బాగలేదా?" అని సారు కంగారుపడి నిమ్మసోడా తెప్పించాడు.

కరస్పాండెంటుగారు కథంతా విన్నాడు. "పిల్లోడు మంచోడే" అన్నాడు. కోర్సు మూసేశాడు. సారు విజిల్ మెడలో వేసుకుని డ్రిల్లుకు వెళ్ళిపోయాడు. నేను బి.కాం.లో కూర్చున్నాను. నోరెత్తకుండా అనే షరతు మాత్రం వారంలోపే తప్పాను.

ఇప్పుడు నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళ తగాదాలు తీర్చే ఉద్యోగంలో ఉన్నాను. తిరుపతి నుంచి రోజూ బస్సు. కరస్పాండెంటుగారి లెక్క పూర్తిగా తప్పేం కాదు. కొరియావాళ్ళు నిజంగానే దిగారు, ఆదివారమొస్తే గోల్ఫు కర్రలు కార్లో వేసుకుని మద్రాసు పోతుంటారు. నా బల్ల ముందుకొచ్చే మగాళ్ళూ ఆడాళ్ళూ గంటలకొద్దీ వాదిస్తారు, నేనూ వాదిస్తాను, నాకది పండగ. ఎప్పుడో ఒకరు వచ్చి, "తప్పు నాదే మేడమ్, ఎవురూ చూడలేదు గానీ నాదే" అంటారు. అప్పుడు మాత్రం నేను ఫైలు మూసేస్తాను. మంచినీళ్ళు తాగమంటాను.

కిందటేడు తిరుచానూరులో స్వామి ఎదురుపడ్డాడు. జుట్టు పల్చబడింది. బడిలో మాస్టరుగా ఉన్నాడట. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుందామని నడివీధిలో నిలబెట్టి, "ఇప్పుడన్నా నిజం చెప్పు, ఆ వేలికి నిజంగా తగిలిందా?" అని అడిగాను. అతను పూలబుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఏ వేలు, లాయరమ్మా?" అన్నాడు.

అతనికి గుర్తే లేదు! ఒక కోర్సును మూయించి, ఒక ఆడపిల్లను బి.కాం. పాలు చేసి, హాయిగా మరిచిపోయాడు. ఆ కేసును మోస్తున్నది నేనొక్కదాన్నే. రోజూ బస్సు కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ మొదట్నుంచి వాదిస్తాను. వయసు పెరిగిన కొద్దీ నా వాదన పదునెక్కుతోంది. ఈ మధ్య ఒక పాయింటు దొరికింది, ఆ రెఫరీ కూడా తల పట్టుకునేంతటిది. అంతా విని స్వామి "తగిలింది" అంటాడు, నేను ఓడిపోతాను, బస్సు దిగి పనిలోకి వెళతాను. ఎవరితోనైనా వాదనలో ఓడితే ఆ పూట అన్నం సయించని మనిషిని. ఈ ఒక్క కేసులో మాత్రం ఏనాడైనా పొరపాటున గెలిచేస్తానేమోనని లోపల్లోపల నాకు భయం.