ఎవరి కోరిక వాళ్ళు చెప్పుకోకూడని సంఘం

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, నంద్యాలలో నర్సుగా చేస్తున్న మా అక్క మనవరాలు నా పక్కన కూర్చుని, ఈ ఏడు ప్రభుత్వాన్ని ఏమేం అడగాలో వాళ్ళ సంఘం ఫోన్‌లోనే అభిప్రాయాలు సేకరిస్తోందని చూపించి, నాతో మాట్లాడుతూనే తనకు కావలసిన వాటి మీద వేలితో నొక్కేసింది. మీ కాలంలో ఎట్లా చేసేవాళ్ళవ్వా అని అడిగింది గానీ, నేను మొదలుపెట్టేలోపే ఆ పిల్లకు డ్యూటీ వేళయింది. మా పద్ధతి తెలిసినవాళ్ళం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం. ఎవరో ఓపికగా రాసిపెట్టినవి గ్రంథాలయంలో చదివే నేను ఇంతదాన్నయ్యాను కనుక, నా వంతు రాసిపెట్టడం న్యాయమనిపించింది.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెల్లో కాన్పులు చూసే నర్సమ్మను. పదో తరగతి, ఆపైన నర్సు శిక్షణ, బడి చదువు అంతే. మిగిలిన చదువంతా నంద్యాల గ్రంథాలయంలోనే. సెలవు దొరికితే బస్సు దిగి నేరుగా అక్కడికే పోయి, తలుపులు మూస్తామని చెప్పేదాకా కదిలేదాన్ని కాదు.

కాంపౌండర్లు, నర్సమ్మలు, డ్రైవర్లు, మలేరియా మందు కొట్టేవాళ్ళు అందరం కలిసి ఒక సంఘంగా ఉండేవాళ్ళం. కాంపౌండరైన మా మేనమామే దానికి అధ్యక్షుడు. శాసనసభ బడ్జెట్ సమావేశాలకు ముందు ఎమ్మెల్యేకు అర్జీ ఇచ్చేవాళ్ళం. అందులో గొడుగుల దగ్గర్నుంచి కొత్త ఆసుపత్రి దాకా అన్నీ ఉండేవి, ఏదీ వచ్చేది కాదు. పాత పత్రికల్లో సభ వార్తలు చదివి చదివి, సభ్యుడికి దొరికే సమయం కాస్తేననీ, ఒకే సంగతి పట్టుకుని నిలదీసినవాళ్ళకే మంత్రి సూటిగా జవాబిస్తాడనీ నేను గ్రహించి మామకు చెప్పాను. మామ ఒప్పుకున్నాడు. కానీ ఆ ఒక్కటి ఏదన్న దగ్గర, ఎవరి కోరిక కోసం వాళ్ళు అరుచుకుని మీటింగు రసాభాస అయింది. అప్పుడు మామ ఒక కట్టుబాటు పెట్టాడు: ఎవరి కోరిక వాళ్ళు చెప్పుకోకూడదు, ఇంకో పని చేసేవాళ్ళు పోయి చూసి వచ్చి దాని తరఫున మాట్లాడాలి, అన్నీ విన్నాక చేతులెత్తి ఒకటి తేల్చుకోవాలి.

ఆ మరుసటి ఏడే నేను చిన్నక్కా అని పిలిచే మా పెద్దమ్మ కూతురు ఉద్యోగం మానుకునే పరిస్థితి వచ్చింది. ఆమె ఉయ్యాలవాడ వైపు పల్లెలో నర్సమ్మ. ఉండడానికి గది లేక ఒక రైతు కొట్టంలో పడుకునేది. ఈసారీ గది సంగతి తేలకపోతే రాజీనామా ఇప్పించి ఇంటికి తీసుకుపోతానని మా పెదనాయన పట్టుబట్టాడు. పనంటే ప్రాణమైన చిన్నక్క నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నేనూ నర్సమ్మనే కనుక గదుల గురించి నేను మాట్లాడకూడదు. పైగా మామ నాకు డ్రైవరన్న కోరిక, అంటే మూలపడ్డ పాతదానికి బదులు ఆసుపత్రికి కొత్త జీపు, అప్పగించి, గదుల సంగతిని నాలుగు మాటలు కూడా ఆడని మలేరియా అన్నకు ఇచ్చాడు.

ఆసుపత్రి వరండాలో మీటింగు జరిగింది. కష్టమైన కాన్పుల్ని ఎద్దుల బండిలో నంద్యాలకు తీసుకుపోయిన దారి నా కళ్ళలో ఉంది గనుక, జీపు గురించి అరమనసుతో మాట్లాడలేకపోయాను. చదివినదీ చూసినదీ కలిపి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నక్క మాత్రం తల దించుకుంది.

తరువాత మలేరియా అన్న లేచాడు. "మందు కొట్టినట్టు కొట్టేసి పోవద్దప్పా, నిదానంగా చెప్పు" అని డ్రైవరన్న ఎగతాళి చేస్తే అందరూ నవ్వారు.

"నువ్వు నగుతాండావు గానీ, నేను ప్రతి ఇంట్లో దూరి మందు కొట్టేటోణ్ణి. ఆ కొట్టంలో గూడా కొడ్తి. తలుపుకు గడియ లేదప్పా. ఆయమ్మ రోకలి అడ్డం పెట్టుకోని పండుకుంటాంది. మీ చెల్లెల్ని ఆడ పండబెడ్తారా?"

మలేరియా అన్న డ్రైవరన్న వైపు తిరిగాడు.

"నీ జీపు రావాల, నేనూ ఒప్పుకుంటా. పల్లెలో నర్సమ్మే లేకపోతే, కాన్పు కష్టమయిందని కనుక్కోని నిన్ను పిలిపించేదెవురు? ఎవురి కోసరం వస్తావు, యాడికొస్తావు?"

డ్రైవరన్న బీడీ ఆర్పేసి, "కానీలేప్పా, నా జీపు తర్వాత జూద్దాం" అని, గదుల కోసం అందరికన్నా ముందు తనే చెయ్యి ఎత్తాడు.

ఎమ్మెల్యే ఆ ఒక్క సంగతే సభలో అడిగారు. పరిశీలిస్తామన్న మంత్రి జవాబు పత్రికలో పడిన రోజు, నేను గ్రంథాలయంలో చూసి, బజారులో ఆ పత్రిక కొనుక్కుని పోయి పెదనాయనకు చదివి వినిపించాను. ఆయన ఇంకొక ఏడు చూద్దామన్నాడు. ఆ ఏడు మరింత సాగినా, గది కట్టారు. చిన్నక్క రిటైరయ్యేదాకా ఆ పల్లెలోనే ఉంది. జీపు ఎనభైల్లో వచ్చింది.

ఇప్పుడు రోడ్లు బాగయ్యాయి, పిలిస్తే అంబులెన్సు వస్తుంది, నాకదే సంతోషం. ఎవరి కష్టం వాళ్ళు ధైర్యంగా చెప్పుకోవడమూ మంచిదే. అయినా మన కష్టాన్ని మరొకరు వచ్చి చూసి, తమదిగా పదిమందిలో చెబుతుంటే వినడంలో ఉన్న హాయి ఈ పిల్లలకు తెలియకుండా పోయిందే అనిపిస్తుంది.

కట్టుబాటు పెట్టిన దానం మామకు, పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ రాజారత్నం గారికి, రోకలి అడ్డం పెట్టుకునైనా నిలబడిన సుగుణక్కకు, తన జీపును పక్కనపెట్టి చెయ్యెత్తిన ఓబులేసన్నకు, ఆ రోజు నన్ను ఓడించిన మస్తానన్నకు నా వందనాలు.