రెండు కండ్ల సుంకులమ్మ

బడిలో మధ్యాహ్నం అన్నం వండే సుంకులమ్మ నోటికి జడిసి పప్పు కూడా తొందరగా ఉడుకుతుందని కోసిగి ఊరి పిల్లలు అనేవాళ్లు. చదివింది రెండో తరగతే అయినా మాటలో ఎవరికీ లొంగిన మనిషి కాదు. మొగుడు పోయాక కూడా సాయమంటూ ఒకరి గడప తొక్కలేదు. తల దించుకున్నది బతుకులో ఒక్కసారే.

సూర్యుణ్ణి గమనించడానికి మన దేశం ఆదిత్య అనే ఉపగ్రహాన్ని పంపుతోందనీ, శ్రీహరికోటలో ఆ రాకెట్టు ఎగరడం చూపించడానికి పిల్లల్ని బస్సులో తీసుకుపోతున్నాననీ ఆ సంవత్సరం బడిలో సైన్సు చెప్పే వీరభద్ర సారు చెప్పాడు. ఆడపిల్లలకు తోడుగా వంటవాళ్లిద్దరిలో ఒకరు రావచ్చన్నాడు.

రెండో మనిషి ఈరమ్మ. వయసులో పెద్దది, నెమ్మదస్తురాలు. పొయ్యి ముట్టించే ముందు రోజూ తూర్పుకు తిరిగి దండం పెట్టేది. ఎడమ కంట్లో పువ్వు వేసి చూపు పోయింది.

"నేనొస్తా సారూ. దినామూ మొక్కే సామి కాడికి ఏం పంపుతాండారో, ఉండే కంటితో ఒగసారి సూసొస్తా," అంది ఈరమ్మ.

సుంకులమ్మ గరిటె ఎత్తింది. "ఒంటికంటిదానివి, ఆకాశంలో పొయ్యేది నీకేం అగుపిస్తాది వదినా? కాకిని సూసి రాకెట్టనుకుంటావు. రెండు కండ్లుండేదాన్ని నేను పోతా. వచ్చి నీకు సెప్తాలే."

పిల్లలు పగలబడి నవ్వారు. ఈరమ్మ కూడా నవ్వి, కొంగుతో ఆ కన్ను తుడుచుకుని బియ్యంలో రాళ్లు ఏరడానికి కూర్చుంది.

శ్రీహరికోటలో మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మైకులో అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే సుంకులమ్మ మెట్టు మీద లేచి నిలబడింది. చల్లగా చేరాలి సామీ అని చేతులు జోడించింది. చేతులు కలిస్తే కళ్లు వాటంతట అవే మూతపడే అలవాటు ఆమెది. అంతలో కాళ్ల కింద నేల అదిరింది. భయానికి ఇంకా గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి రాకెట్టు మబ్బులో దూరిపోయి, తెల్లటి పొగ మిగిలింది.

ఊరికి రాగానే ఈరమ్మ ఎదురొచ్చింది. "ఎట్లుండె వదినా?"

నిజం చెప్పడానికి సుంకులమ్మకు నోరు రాలేదు. "ఏం సెప్పమంటావు! బంగారు కడవకు రెక్కలొచ్చినట్టు లేసె. దాని కింద మంట సూస్తే కండ్లు సెదిరిపాయ!"

"నువ్వు పొయ్యిందే మేలు. నాకైతే అంత తెలుస్తాండెనా?" అంది ఈరమ్మ సంబరంగా. అప్పటినుంచి కొళాయి దగ్గరా, రేషన్ అంగడి దగ్గరా అదే ముచ్చట. "మా వదిన కండ్లారా సూసింది, బంగారు కడవంట!" ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా సుంకులమ్మకు అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుండేది.

జనవరిలో ఆదిత్య తన చోటికి చేరింది. అది సూర్యుడి మీదికి పోదట, దూరాన నిలబడి రెప్ప వేయకుండా చూస్తుందట. ఆ సంతోషంలో సారు శ్రీహరికోటలో తన ఫోనుతో తీసిన వీడియోను బడి టీవీలో వేశాడు. లేస్తున్న రాకెట్టు మీంచి ఫోను జనం వైపు తిరిగింది, మెట్ల మీద అందరి తలలూ ఆకాశానికి లేచి ఉన్నాయి. నడుమ ఒక్క తల వంగి ఉంది, కళ్లు మూసుకుని.

"సుంకులవ్వ నిద్దరపోతాండాది!" అని ఎవడో అరిచాడు. గది ఘొల్లుమంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సుంకులమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

టీవీకి దగ్గరగా జరిగి చూస్తున్న ఈరమ్మ మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"అయితే వదినా, మనిద్దర్లో ఎవురమూ సూడల్యా?"

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉండుంటే సుంకులమ్మ బతికిపోయేది, తిట్టుకు తిట్టు అప్పజెప్పేది. ఆమె స్టూలు లాగి టీవీ ముందు వేసింది.

"సారూ, ఇంగోసారి పెట్టు. మా వదినను సూడనీ," అని, ఇద్దరూ కలిసి తోమాల్సిన పెద్ద డేగిసా ఒక్కతే ఈడ్చుకుంటూ కొళాయి దగ్గరికి పోయింది.

మాడిన అడుగును పీచుతో రుద్దుతుంటే కిటికీలోంచి ఈరమ్మ గొంతు వినిపించింది. "పోతాండాది... అద్దో, పోతాండాది!"

ఎండ మెడ మీద చురచుర కాలుస్తోంది. సుంకులమ్మ తల ఎత్తలేదు.