రాజవ్వ బొంతకు కాలి మిషనా, చేతి మిషనా?

1962 ఎండాకాలంలో నన్ను ధర్మపురి వైపు ఒక పంచాయతీ సమితికి పరిశ్రమల ఎక్స్‌టెన్షన్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు చాంతాడంత. ఆ సమితిలో పరిశ్రమలని చెప్పుకోదగ్గవి కొన్ని మగ్గాలు, ఒక నూనె గానుగ, కుమ్మరులు కుండలు కాల్చే ఆవాలు. వాటికి పనిముట్లు ఇప్పించడం నా పని. నాకు పైన బి.డి.ఓ. గారు, అంటే బ్లాకు మొత్తానికి పెద్ద అధికారి. ఆయనకూ పైన, ఎన్నికై వచ్చిన సమితి ప్రెసిడెంటు. నేను ఏది రాసినా వాళ్ళిద్దరి చేతుల మీదుగా పోవలసిందే.

ఆ ఏడు ఆడవాళ్ళకిచ్చే కుట్టుమిషన్ల మంజూరులో ఒక్కటి మిగిలింది. దాని కోసం రాజవ్వ దరఖాస్తు పెట్టింది. ముప్పై దాటిన మనిషి. చిన్నప్పుడు జ్వరం తగిలి కుడికాలు సన్నబడిపోయింది, కర్ర ఊతంతో నడుస్తుంది. పాత చీరలు నాలుగైదు పొరలు పేర్చి, దబ్బనంతో వరసలు వరసలుగా కుట్టి బొంతలు చేసేది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో కానుపైనా పసిబిడ్డ కింద పడేది రాజవ్వ బొంతే. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచి దబ్బనం పట్టు దొరకడం లేదు. మిషను వస్తే ధర్మపురిలో ఒక అర్ర కిరాయికి తీసుకుని తన బతుకు తాను బతకాలని ఆమె పట్టుదల. రాకపోతే తమ్ముడింట్లో పిల్లల్ని ఆడిస్తూ, మరదలు వడ్డించినప్పుడు తింటూ ఉండాలి. ఆ మాట నాతో దాచకుండా చెప్పింది.

మా గోదాములో చేతి మిషనూ ఉంది, కాలి మిషనూ ఉంది. ఏది ఇవ్వాలో మేం రాయాలి. బి.డి.ఓ. గారు దరఖాస్తు చూసి క్షణం ఆలోచించలేదు. కాలు బాగాలేని మనిషి కాబట్టి చేతి మిషను అన్నారు. అది విని తప్పనేవాడు ఎవడు? అయితే మిషను ఇచ్చే ముందు పనితనం పరీక్ష ఒకటి జరగాలి. మా పద్ధతిలో అది గజం మిల్లు బట్ట మీద దిండు గలేబు కుట్టించడం.

పరీక్ష రోజు రాజవ్వ ఎడ్లబండిలో వచ్చింది. ఆమె కంటే ముందు ఆమె బొంత దిగింది. సగం కుట్టిన బొంత, ఇద్దరు మోస్తేగానీ ఆఫీసు వరండాకు ఎక్కలేదు. గలేబు బట్ట చేతికిస్తే పక్కన పెట్టింది. తన దగ్గర గలేబులు ఎవరూ కుట్టించుకోరని, కుట్టేది బొంతలు గనుక బొంత మీదనే చూడాలని అన్నది. బి.డి.ఓ. గారు నా వైపు చూశారు. నేను రూల్సులో బొంత వద్దని ఎక్కడా లేదన్నాను.

చేతి మిషను ముందు కూర్చుంది. కుడిచేత్తో పిడి తిప్పాలి, ఎడమచేత్తో గుడ్డ నడపాలి. గలేబైతే నడిచేదే. బొంత మాత్రం ఒంటిచేతికి లొంగక, తన బరువుకి తానే కిందికి జారుతూ సూదిని వంచి విరిచింది. సూది మార్చాం. అదీ విరిగింది.

ప్రెసిడెంటు గారు అప్పటిదాకా వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. సూది విరిగిన చప్పుడుకు ఆయన ముఖం వికసించింది. ఎందుకంటే అదే మిషనుకు వచ్చిన రెండో దరఖాస్తు ఆయన మేనకోడలిది. ఆమెకు మిషను మీద కంటే, పక్కింటావిడకు మిషను ఉందన్న విషయం మీద ధ్యాస ఎక్కువ. రాజవ్వ పరీక్ష తప్పితే మిషను అటు పోతుంది.

"బొంతకు రెండు చేతులు గావాలె సారు. ఒక చెయ్యి పిడి తిప్పుకుంట కూసుంటే బొంతను మీరు పట్టుకుంటరా? గా కాలి మిషను పెట్టుండ్రి," అన్నది రాజవ్వ.

ప్రెసిడెంటు గారు నవ్వారు. "రెండు కాళ్ళున్నోళ్ళకే గది సక్కగ నడువది. ఒంటికాలుతోని ఎట్ల నడుస్తదే?"

"నడువదని మీకెట్ల ఎరుక? మీరే తొక్కి సూడుండ్రి పటేలా."

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. ఈయన పంతం మనిషి. కాలి మిషను వరండాలోకి తెప్పించి, కుడికాలు మడిచి స్టూలు మీద పెట్టుకుని, ఎడమకాలు తొక్కుడుపలక మీద వేశారు. బొంత సగం ఆయన ఒడిలో పడింది. మొదట చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. "సూసిండ్రా?" అన్నారు. చక్రాన్ని చేత్తో ముందుకు ఒకసారి తోసి అప్పుడు తొక్కాలని నేను చెప్పాను. నా ఉద్యోగం అదే కదా. ఆయన తోశారు, తొక్కారు, మిషను సాగింది. ఒక వరస పూర్తిగా సాగింది. నడవదని నిరూపించడానికి కూర్చున్న సంగతి మరిచి ఆయన రెండో వరస కూడా అందుకున్నారు. మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయారు.

అటెండరు చాయ్ తెచ్చాడు. ప్రెసిడెంటు గారు గ్లాసు కోసం లేచారు. ఆయనతో పాటు బొంత లేచింది, బొంతతో పాటు మిషను వంగింది. మిషను దగ్గర పని చేసినవాళ్ళకు తెలుసు, ఒడిలో పడ్డ గుడ్డ పైకి పోతూ కింద ఉన్నదాన్ని కూడా లాక్కుపోతుంది. ఆయన ధోతి అంచు జానెడు మేర బొంతలో కలిసిపోయింది. అదీ రెండు వరసల కుట్టు.

నేను మిషను పట్టుకున్నాను, బి.డి.ఓ. గారు ప్రెసిడెంటును పట్టుకున్నారు. అటెండరు గోడవైపు తిరిగి దగ్గుతున్నట్టు నటించాడు.

"కదలకుండ్రి పటేలా. శినిగితె మీ ఇంట్ల నన్నంటరు," అంటూ రాజవ్వ కర్ర పక్కన పెట్టి ఆయన పక్కన చతికిలబడింది. ముందు కుట్టును రెండు చేతులతో గుంజి చూసింది. "కుట్టు మంచిగనే పడ్డది సారూ. నా దబ్బనం కుట్టుకంటె గట్టిగున్నది," అని బి.డి.ఓ. గారికి చెప్పి, ఆ తర్వాతే దబ్బనం మొనతో ఒక్కొక్క పోగు విప్పింది. కావాలనే తాపీగా విప్పిందని నా అనుమానం. ఆ కాసేపు ప్రెసిడెంటు గారు చాయ్ తాగుతూ, కుట్టు బలం చూద్దామనే ధోతి అడ్డం పెట్టానని చెప్పుకొచ్చారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టు.

తర్వాత రాజవ్వ కూర్చుంది. ఆమెకూ చక్రం వెనక్కి తిరిగింది, దారం తెగింది. ఆమె పెదవి బిగించడం చూసి నాకు భయమేసింది. ఇక్కడ తప్పితే ఆమె తిరిగిపోయేది మరదలి వంటింటికే. ఆమె దారం మళ్ళీ ఎక్కించి, బొంత బరువు కాలి మీద పడుతున్నదని, ఒక మంచం తెప్పించమన్నది. అటెండరు తన నులక మంచం తెచ్చి కాళ్ళ కింద ఇటుకలు పెట్టి మిషను ఎత్తుకు సరిగా పక్కన వేశాడు. బరువంతా మంచం మోసింది. ఆమె చక్రాన్ని చేత్తో ముందుకు తోసింది, ఎడమకాలు పలక మీద ఆడింది. బొంత ఈ అంచు నుంచి ఆ అంచుకు వంకర లేకుండా పోయింది. నా సర్వీసులో అంత సంతోషంగా నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

రిపోర్టులో, ఒంటికాలుతో కాలి మిషను నడుస్తుందని ప్రెసిడెంటు గారు స్వయంగా నడిపి నిర్ధారించారని రాశాను. ఆయన చదివారు, నా వైపు ఒకసారి చూశారు. కాదనాలంటే ధోతి కథంతా చెప్పాలి. సంతకం చేశారు.

ఆ తర్వాత నేను ఆదిలాబాద్ పోయాను, ఇంకా రెండు మూడు బ్లాకుల్లో పనిచేశాను. కాలు, చెయ్యి బాగాలేనివాళ్ళు పనిముట్లు అడిగినప్పుడల్లా వీళ్ళకు చేతకాదనే పెద్దమనిషి ఒకడు తయారుగా ఉండేవాడు. నేను వాదించేవాణ్ణి కాదు. పరీక్షకు ముందుగా ఆయన్నే కూర్చోబెట్టేవాణ్ణి.