బాల్‌బెక్ రాయి

ఆష్‌బర్న్‌లో మా ఆఫీస్ పక్కన క్రేన్ కాంక్రీట్ దిమ్మను లేపుతుంటే బాల్‌బెక్ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నాన్న పనిమీద లెబనాన్ వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్లాడు. అక్కడి బాల్‌బెక్‌లో రోమన్ల గుడి శిథిలాల్లో దేవుడు లేడు. దగ్గర్లోని క్వారీలో, వాళ్లు చెక్కి కదపలేక వదిలేసిన రాయి బస్సుకంటే పొడవుగా పడి ఉంది. అమ్మ చెప్పులు విడిచి, కాలుతున్న నేలమీద దాని చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది.

"అది దేవుడు కాదే," అన్నాడు నాన్న.

"గ్రీన్ కార్డ్ వస్తే చాలు, ఏ రాయైతే ఏంటి?" అంది అమ్మ.

రాయి కదిలితే కార్డు వస్తుందనుకుని నేను భుజం ఆనించి నెట్టాను. "కదిలిందమ్మా," అన్నాను.

వాళ్లకు కార్డు వచ్చేసరికి నాకు ఇరవై ఒకటి దాటింది; వాళ్లతోపాటు కార్డు ఇచ్చే పిల్లల లెక్కలోకి రాలేదు. ఇప్పుడు నా క్యూ వేరు; అది కదులుతూ నా డేట్ దాకా వస్తేనే కార్డు.

నిన్న అమ్మ ఫోన్‌లో, "నీ డేట్ ఏమైనా కదిలిందా?" అని అడిగింది.

"కదిలిందమ్మా," అన్నాను. చిన్నప్పుడైతే నమ్మి అన్నాను.