హద్దులు చూపించిన మనిషి

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. కంటితో చూసిందీ, కాగితం మీద ఉన్నదీ తప్ప మరేదీ నమ్మేవాణ్ణి కాదు. నా ఉద్యోగమూ అలాంటిదే.

తొంభైల చివర్లో, శంషాబాద్ దగ్గర విమానాశ్రయం వస్తుందన్న మాట గట్టిపడ్డాక, అక్కడ ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరాను. అమ్మకానికి వచ్చిన ప్రతి భూమినీ వెళ్ళి చూసి నివేదిక రాయాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, లోపాలు, చివర్లో హద్దులు చూపించినవారి పేరు. ఆ కాగితం ఫైల్లో లేకుండా కొనేవాళ్ళకు భూమి చూపించకూడదని మా యజమాని నియమం. అంతకుముందు ఏదో కేసులో ఇరుక్కుని నేర్చుకున్న జాగ్రత్త అది.

మామిడిపల్లి వైపు సామ్యేలు అనే రైతు రెండెకరాలు అమ్మకానికి పెట్టాడు. అక్కడ బడి కట్టాలని ఎవరో అడుగుతున్నారు. ఆదివారం చర్చి అయ్యాక పొలం దగ్గరికి వస్తానన్నాడు సామ్యేలు. నేను ముందే చేరాను. పదకొండు కావస్తోంది. మబ్బు పట్టి ఉంది.

పొలంలో ఒకతను నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. సామ్యేలు పంపిన మనిషే అనుకుని హద్దులు చూపించమన్నాను. నాలుగు వైపులా తిప్పాడు. ఈశాన్యపు హద్దురాయి దగ్గర ఆగి, పొలంలోకి కొంత దూరం నడిచి నిలబడ్డాడు.

“గీడ బాయి ఉండె. పూడ్సిన్రు. రాసుకో సార్, బడి కడితే పిల్లలుంటరు.”

రాయి నుంచి అడుగులు కొలిచాను. పదిహేడు. లోపాల గడిలో రాసుకున్నాను. పేరడిగితే యాకోబు అన్నాడు. సంతకం రాదన్నాడు. వేలిముద్ర కోసం స్టాంపు ప్యాడ్ తెద్దామని మోపెడ్ దగ్గరికి వెళ్ళి తిరిగి చూస్తే లేడు. అది చెట్టూ చేమా లేని నేల. ఎటు వెళ్ళినా కనిపించాలి. ఏదో తొందరపని ఉందనుకున్నాను, అంతే.

తల్లికి ఒంట్లో బాగాలేక సామ్యేలు ఆ రోజు రాలేదు. మర్నాడు ఆఫీసుకు వచ్చాడు. నివేదిక చదివి వినిపిస్తుంటే బావి దగ్గర నన్ను ఆపాడు.

“బాయి సంగతి నీకెవలు చెప్పిన్రన్నా? అది రాస్తే ఎవడు కొంటడు?”

కాగితం అతని వైపు తిప్పి, కింద ఉన్న పేరు చూపించాను. ఆ పేరు చూశాక అసలు సంగతి చెప్పాడు.

యాకోబు అతని అన్న. పదిహేనేళ్ళ కిందట ఒక వానాకాలం, తల్లితో మాటామాటా పెరిగి ఇల్లు వదిలాడు. బొంబాయి పోయాడని అందరూ అనుకున్నారు. ఆ వానలకే బావి దరి ఒకటి కూలింది. పశువులు పడతాయన్న భయంతో మరుసటి ఎండాకాలం దాన్ని మట్టితో పూడ్చింది సామ్యేలే.

తవ్విస్తానన్నాడు. “ఇగ ఈ జాగ ఎవడు తీసుకోడు, జర ఆలోచించు” అని మా యజమాని నచ్చజెప్పబోయాడు. సామ్యేలు వినలేదు.

నాలుగో రోజు, కూలిన దరి మట్టి కింద ఎముకలు దొరికాయి. ఒక స్టీలు కడియం కూడా. అది అన్నదేనని సామ్యేలు గుర్తుపట్టాడు. పోలీసులు వచ్చి పంచనామా రాశారు. ఆ మట్టి పోసిన తన రెండు చేతులనూ చూసుకుంటూ సామ్యేలు గట్టు మీదే ఉండిపోయాడు.

తర్వాత నేను ఊళ్ళో వాకబు చేశాను. ఆ పోలికల మనిషి ఇప్పుడు ఊళ్ళో ఎవరూ లేరన్నారు. సామ్యేలు ఇచ్చిన కాగితాల్లో అన్న పేరు ఎక్కడా లేదు. సంగతి తెలిసినవాడెవడో ఆ పేరు చెప్పి నాచేత రాయించాడని సర్దిచెప్పుకోవాలని చూశాను. అలాంటివాడు పదిహేనేళ్ళు ఎందుకు ఊరుకున్నాడో నాకు తట్టలేదు.

సమాధి చేసిన వారానికి వాళ్ళ తల్లి ఆఫీసుకు వచ్చింది. ఆ కాగితం చూపించమంది. ఆమెకు చదువు రాదు. పేరున్న చోట వేలు పెట్టి చూపించాను. ఆమె కూడా అక్కడ వేలు పెట్టింది.

“నా మీద ఇంక కోపంగనే ఉన్నడా, బిడ్డా?”

“లేదమ్మా. పిల్లలు పడతారనే చెప్పాడు” అన్నాను.

తల ఊపి, కొంగు సర్దుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. ఆమెకు నేను అబద్ధం చెప్పలేదు. ఆ ఆదివారం నాతో మాట్లాడింది ఎవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.